ప్లూమీ నవ్వు

లియాండర్ మాస్ రాసిన నవలని షికాగోలో నల్లవాళ్ళుండే సౌత్ సైడ్ పేటలో అందరికన్నా ఆలస్యంగా చదివిన మనిషి ఓజెల్లా పింక్‌స్టన్. చదువు రాక కాదు. పూటకూళ్ళ ఇల్లు నడిపే ఆడమనిషికి పొయ్యి దగ్గర తెల్లారిన రోజు పొయ్యి దగ్గరే పొద్దుగూకుతుంది. పైగా లియాండర్ ఆమె ఇంట్లో తిని పెరిగినవాడు. మిసిసిపీ నుంచి ఎముకల గూడులా దిగిన కుర్రాడు పుస్తకం రాశాడు, అది న్యూయార్కులో అచ్చయింది, పత్రికల్లో వాడి పేరు పడింది. ఆ గర్వం చాలనుకుంది. లోపల ఏం రాశాడో తర్వాత తీరిగ్గా చూడొచ్చులే అనుకుంది.

కానీ చర్చిలో ఏదో తేడా కనబడసాగింది. ఆదివారం ప్రార్థన అయ్యాక కింది వంటగదిలో తను ఏ మాటకో నవ్వితే, పక్కనున్న ఆడవాళ్ళు చప్పున ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఒకామె చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె కూతురు "అచ్చం ప్లూమీలాగే" అని గొణిగి తల్లి చేత మొట్టికాయ తింది.

ఆ సాయంత్రం ఓజెల్లా ఇంట్లో అద్దెకుండే క్లియోఫస్‌ని అడిగింది. క్లియోఫస్ నడివయసు మనిషి, రైళ్ళలో తెల్లవాళ్ళకి పడకలు పరిచే ఉద్యోగం. దారిలో ప్రయాణికులు వదిలేసిన పుస్తకాలూ పత్రికలూ అన్నీ చదివేస్తాడు.

"ప్లూమీ ఎవరు, క్లియోఫస్?"

అతను మొక్కజొన్న రొట్టె తుంచబోతున్నవాడల్లా ఆగిపోయాడు. "ఎందుకులెండి మిస్ ఓజెల్లా. కథల్లో సవాలక్ష పేర్లుంటాయి."

"లియాండర్ పుస్తకంలోదేనా?"

"వాడు కుర్రాడండీ. కుర్రతనంలో ఏదో రాస్తారు."

"నీ దగ్గరుందా ఆ పుస్తకం?"

అతను భోజనం అయ్యాక మేడమీదికి వెళ్ళి తెచ్చి, ఆమె చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ పనులకు పోయాక ఓజెల్లా వంటింటి కిటికీ దగ్గర కూర్చుని చదివింది. కథ జోయల్ అనే కుర్రాడిది. దక్షిణాది నుంచి పారిపోయి షికాగో వచ్చి, తానెవరో తెలుసుకోవాలని వెతుక్కుంటూ ఉంటాడు. మొదట్లో ఆమెకు కన్నీళ్ళు కూడా వచ్చాయి. పత్తిచేల గురించీ చనిపోయిన చెల్లెలి గురించీ ఆ పిల్లాడు రాత్రిళ్ళు ఈ బల్ల దగ్గరే కూర్చుని తనకి చెప్పుకున్నవన్నీ అందులో ఉన్నాయి. తర్వాత జోయల్ ఒక పూటకూళ్ళ ఇంట్లో దిగాడు. ఆ ఇంటి యజమానురాలు ప్లూమీ.

ప్లూమీకి నోట్లో ఓ పక్కన బంగారు పన్ను. నవ్వితే ముందు ఆ పన్ను మెరుస్తుంది, తర్వాత పొట్ట కదులుతుంది, ఆఖరుకి కళ్ళు. ఆమె చేతుల్లోంచి ఎంత సబ్బు రుద్దినా పందిపేగుల కంపు పోదు. దొరలు పారేస్తే వెనకటి బానిసలు తిన్న ఆ పేగులే ఆమె వండి పెడుతుంటే జోయల్‌కి బానిసతనమే నోట్లో పెట్టినట్టుంటుంది. ఒకరోజు పోలీసులు ఆ ఇంటికి వస్తారు. ఎందుకొచ్చారో పుస్తకంలో లేదు. ప్లూమీ వాళ్ళ ఎదుట వంగి, తొడలు చరుచుకుంటూ, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వుతుంది. మెట్ల మీద నిలబడి ఆ నవ్వు విన్న జోయల్‌కి కడుపులో తిప్పుతుంది. "ఆ క్షణాన తాను ఎవరు కాకూడదో జోయల్‌కి తెలిసింది" అని ఆ అధ్యాయం ముగిసింది. మరుసటి అధ్యాయంలో జోయల్ పెట్టె సర్దుకుని, తలెత్తుకుని, ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. మనిషయ్యాడు.

ఓజెల్లా పుస్తకం మూసి తన అరచేతులు వాసన చూసుకుంది. చూసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఉల్లిపాయ వాసన తప్ప ఏమీ లేదు. అయినా లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. నోట్లో చేదు నీళ్ళు ఊరుతుంటే తొట్టిలో ఉమ్మింది.

నిజంగా జరిగింది వేరు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, పనులు లేక జనం అలమటించే రోజుల్లో, ప్రెయిరీ వీధిలో ఒక ముసలిదాన్ని అద్దె కట్టలేదని సామాన్లతో సహా రోడ్డు మీద పడేశారు. పేటవాళ్ళంతా పోగై ఆ మంచం, ఆ కుర్చీలు తిరిగి లోపలికి మోసుకెళ్ళారు. ఆ తోపులాటలో ఎవరి చేతిలోంచో ఇటుక లేచి ఒక పోలీసు తల పగలగొట్టింది. లియాండర్ అక్కడే ఉన్నాడు. ఇటుక వాడు విసిరాడో లేదో ఓజెల్లా ఎన్నడూ అడగలేదు. ఆమె ఇంటి వెనక మెట్ల మీద పరిగెత్తుకొచ్చి వంటింట్లో పడ్డాడు. వాడి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

ఆమె వాణ్ణి సామాన్ల అరలోకి తోసి, పిండి బస్తాలు అడ్డం లాగి, తలుపు మూసేసింది. ఆ పూట ఒక తొట్టి నిండా పందిపేగులున్నాయి, ఇంకా కడగనివి. అలాగే తీసి మరుగుతున్న నీళ్ళలో పడేసి, కిటికీలు బిగించింది. వంటిల్లంతా పెంటదిబ్బలా కంపు లేచింది. ముందు తలుపు బాదిన ఇద్దరు పోలీసులు గడప దాటుతూనే ముక్కులు మూసుకున్నారు.

"ఏయ్ నల్లదానా, ఏం చచ్చింది నీ వంటింట్లో?"

అప్పుడు నవ్వింది ఓజెల్లా. అలబామాలో ఆమె తల్లి నేర్పిన నవ్వు అది. తెల్లవాడి చెయ్యి బెల్టు దగ్గరికి పోకముందే నవ్వాలి, వాడికి మన మీద చిన్నచూపు పూర్తిగా కుదిరేదాకా నవ్వాలి అని నేర్పింది. "రండి దొరా, రండి. ఒక గిన్నెడు తిని చూడండి, మీ ఇంటావిడ చేతి వంట మరిచిపోతారు" అంటూ వాళ్ళ చొక్కా చేతులు పట్టుకుని వంటింట్లోకి లాగబోయింది. ఒకడు వాంతి వచ్చినట్టు వెనక్కి తగ్గాడు. రెండోవాడు పోతూ పోతూ లాఠీతో ఆమె పిరుదు మీద ఒక్కటేసి, "బాగా మేసింది ఇది" అన్నాడు. దానికీ నవ్వింది. వాళ్ళ బండి కదిలి వీధి మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉంది.

తర్వాత తొట్టి దగ్గరికి వెళ్ళి కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. పిండి బస్తాల వెనక నుంచి లియాండర్ ఒళ్ళంతా పిండితో తెల్లగా బయటికొచ్చి, ఆమె నడుం చుట్టూ చేతులు వేసి, ఆ కంపు కొట్టే బట్టల్లోనే మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఇదీ జరిగింది. వాడు మెట్ల మీద నిలబడి లేడు.

ఓ వారం పోయాక సిస్టర్ హార్టెన్స్ బ్లేలాక్ వచ్చింది. ఆమె హైస్కూల్లో పాఠాలు చెబుతుంది. చర్చి ఆడవాళ్ళ చదువుల సంఘానికి పెద్ద. చేతిమేజోళ్ళు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

"మన లియాండర్ వస్తున్నాడు సిస్టర్ పింక్‌స్టన్. చర్చి హాల్లో విందు. ఊళ్ళో పెద్దపెద్ద తెల్లవాళ్ళు వస్తారు, పత్రికవాళ్ళు కూడా. వంట నీ చేతి మీదే జరగాలని అందరం అనుకున్నాం."

"ఏం వండమంటావు?"

హార్టెన్స్ గొంతు సర్దుకుంది. "కోడి వేపుడు ఎలాగూ ఉంటుంది. అయితే అతిథులు ప్రత్యేకంగా అడిగారు... పందిపేగులు."

"మన పాదిరిగారి భార్య చర్చిలో ఆ కంపు పనికిరాదని పోయినేడే అందిగా."

"ఇది వేరు. పుస్తకంలో ఉంది కదా, వాళ్ళకి రుచి చూడాలనుంటుంది."

"పుస్తకంలో ఉన్నవి ఇంకేం కావాలన్నారు వాళ్ళు?"

హార్టెన్స్ చేతిమేజోళ్ళ వేళ్ళు సర్దుకుంది. ఓజెల్లా అప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని, ప్రెయిరీ వీధి సంగతి, పిండి బస్తాల సంగతి, లాఠీ దెబ్బ సంగతి మొత్తం చెప్పింది. ఎవరికీ చెప్పకూడదని అన్నేళ్ళు కడుపులో పెట్టుకున్న మాట. హార్టెన్స్ తల ఊపుతూ వింది, బళ్ళో పిల్లల సాకులు విన్నట్టే వింది.

"బాధ పడ్డావు, అర్థమైంది. కానీ సిస్టర్, నువ్వు చెప్పినట్టే జరిగుంటే అతను రాసేవాడే కదా? అంత నిజాయితీగల రచయిత అని పత్రికలన్నీ అంటుంటే."

"అంటే నేను అబద్ధం చెబుతున్నానంటావా?"

"ఛ, అలాగంటానా. జ్ఞాపకం ఒక్కోసారి మనకి అనుకూలంగా సర్దుకుంటుంది, అంతే. అయినా ఆ ప్లూమీ నువ్వే అని ఎవరన్నారు? మన జాతి వదిలించుకోవాల్సిన ఒక అలవాటుకి ఆమె గుర్తు. మా సంఘంలో అలాగే చర్చించుకున్నాం."

అలవాటుకి గుర్తుట. ఓజెల్లా ఆ శుభ్రమైన చేతిమేజోళ్ళకేసి చూస్తూ కూర్చుంది. ఈమెని గెంటేయాలనిపించింది. కానీ వండుతానని ఒప్పుకుంది. వాడి మొహం ఒక్కసారి ఎదురుగా చూడాలి. దానికోసమే ఒప్పుకుంది.

విందు రోజున హాలంతా తెల్ల గుడ్డలు పరిచారు, పూలు పెట్టారు. ఓజెల్లా పేగులు తిరగేసి కడిగి, కొవ్వు గీకి, మళ్ళీ కడిగి, ఉల్లిగడ్డ వేసి ఉడికించి, మూత కట్టి తెచ్చింది. తెల్లవాళ్ళు బల్లల మధ్య తిరుగుతూ అన్నిటినీ మెచ్చుకుంటున్నారు. నల్లవాళ్ళు గోడల పక్కన కొత్త బూట్లు నొక్కుతుంటే నిలబడి ఉన్నారు. లియాండర్ మంచి గోధుమరంగు సూటులో ఉన్నాడు, కాస్త ఒళ్ళు చేశాడు. మాట కూడా మారింది, ప్రతి అక్షరం విడదీసి పలుకుతున్నాడు.

ఓజెల్లాని చూడగానే రెండు చేతులూ చాపి వచ్చాడు. "మిస్ ఓజెల్లా" అంటూ కౌగిలించుకున్నాడు. మెడ దగ్గర వాడి ముక్కు ఒక్క లిప్త ముడుచుకోవడం, ఒళ్ళు వెనక్కి పోవడం ఆమెకు తెలిసింది.

"పుస్తకం చదివారా?" అని చిన్నగా అడిగాడు.

"చదివాను."

వాడు ఇంకేదో అనబోతుంటే ముత్యాల దండ వేసుకున్న తెల్లావిడ ఒకామె మధ్యలోకి వచ్చింది. ఆమె వెనకే మెడ ఎర్రగా కందిన పెద్దమనిషి, పత్రికలో పుస్తకాల గురించి రాసేవాడు.

"ఈవిడేనా?" అని తెల్లావిడ లియాండర్‌ని అడిగింది. ఓజెల్లాని అడగలేదు. "మా పుస్తకాల క్లబ్బులో ప్లూమీ అంటే అందరికీ ఎంత ఇష్టమో. ఒక్కసారి నవ్వమని చెప్పవా, ప్లీజ్. నేను విన్నానని చెప్పుకోవాలి."

చుట్టూ మాటలు ఆగిపోయాయి. హార్టెన్స్ కాఫీ జగ్గుతో ఆగింది. లియాండర్ పెదవుల మీద చిరునవ్వుంది, కళ్ళు మాత్రం బతిమాలుతున్నాయి. ఒక్కసారి నవ్వేయండి, అయిపోతుంది అంటున్నాయి.

ఓజెల్లాకి ఆ రోజు అన్నిటికన్నా రోత పుట్టించింది ఆ తెల్లావిడ కాదు, తన ఒళ్ళే. అడగ్గానే నవ్వు దానంతటదే గొంతులోకి లేచింది. పొట్ట అప్పుడే కదలడం మొదలెట్టింది, పెదవులు సాగుతున్నాయి. యాభై ఏళ్ళు పెంచిన కుక్కలా యజమాని పిలుపు వినగానే లేచి వచ్చింది. ఆమె పళ్ళు బిగబట్టింది. నాలుక కొరుక్కుపోయి నోట్లో రక్తం రుచి తెలిసింది.

"ఎందుకు నవ్వానో వాళ్ళకి చెప్పు, లియాండర్" అంది. "చెబితే నవ్వుతాను."

వాడి మొహంలో ఏదో కదిలింది. చెప్తాడేమో అని ఒక్క నిమిషం అనిపించింది కూడా. అంతలో ఎర్రమెడ పెద్దమనిషి వాడి భుజం మీద చెయ్యి వేసి, "ఏమయ్యా, మీ ప్లూమీకి రచయిత కన్నా పొగరెక్కువే" అన్నాడు.

లియాండర్ నవ్వాడు. "మిస్ ఓజెల్లా ఎప్పుడూ ఇంతే, భలే సరదా మనిషి" అంటూ నవ్వాడు. ముందు పళ్ళు, తర్వాత పొట్ట, ఆఖరుకి కళ్ళు. భుజాలు కాస్త ముందుకు వంగాయి, ఆ పెద్దమనిషి కన్నా పొట్టిగా కనబడేంత. కాఫీ జగ్గు పట్టుకున్న హార్టెన్స్ కూడా నవ్వింది, అంత చదువుకున్న గొంతులోంచీ అదే చప్పుడు వచ్చింది. గోడల పక్కన నిలబడినవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అందుకున్నారు.

ఓజెల్లా వింటూ నిలబడింది. అలబామాలో తల్లి గొంతు, తన గొంతు, ఇప్పుడు వీళ్ళందరి గొంతులు. ఆ నవ్వుకి ఎవరి పేరు పెడితేనేం. వంట బల్ల దగ్గరికి నడిచి, మూత కూడా విప్పని ఆ గిన్నెని చంకకి ఎత్తుకుని, వెనక తలుపులోంచి బయటపడింది. "సిస్టర్, ఏంటిది, అతిథులు..." అని హార్టెన్స్ గుమ్మం దాకా వచ్చి, చలికి ఆగిపోయింది. ఆ కూర ఇంటి దగ్గర క్లియోఫస్, అద్దెకుండే మిగతావాళ్ళు తిన్నారు. ఓజెల్లా ముట్టలేదు.

మర్నాడు పొద్దున లియాండర్ వచ్చాడు, వెనక మెట్ల మీంచి. వంటింట్లో ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. ఆమె కాఫీ పొయ్యలేదు.

"మీరు నన్ను అసహ్యించుకుంటున్నారు" అన్నాడు.

"అవును."

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని వాడు అనుకోలేదు. టోపీ మోకాళ్ళ మీద తిప్పుతూ, "నేను మొదట అంతా రాశాను. పిండి బస్తాలు, పోలీసులు, మీరు వాంతి చేసుకోవడం, అన్నీ" అన్నాడు.

"మరి తీసేసిందెవరు? న్యూయార్కులో తెల్లవాళ్ళా?"

"వాళ్ళే అని చెబుదామనే వచ్చాను. కాదు. నేనే తీసేశాను."

"ఎందుకు?"

"అది ఒక మనిషి తన్ను తాను కనుక్కునే కథ మిస్ ఓజెల్లా. వాణ్ణి వంటింట్లో ఒకామె దాచి కాపాడితే, ఇక వాడు సొంతంగా కనుక్కున్నదేముంది? కథ వాడిది కాకుండా పోతుంది. మీదైపోతుంది."

"ఒరేయ్, నువ్వు నీకు దొరికిందే నా పిండి బస్తాల వెనక" అంది ఓజెల్లా. గొంతు పెరగలేదు. "నేను నవ్విన నవ్వు నాకు నీకన్నా ఎక్కువ రోత. నవ్విన ప్రతిసారీ నోరు కడుక్కునేదాన్ని. ఆ రోత నాది, దాన్ని కూడా ఎత్తుకుపోయి జోయల్‌కి ఇచ్చావు. ప్లూమీకి సిగ్గు కూడా మిగల్చలేదు నువ్వు."

వాడు టోపీ ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

"నిన్న ఆ పెద్దమనిషి భుజం తడితే నువ్వు నవ్వావే, అది ఎక్కడ నేర్చుకున్నావు?"

వాడి చేతిలో టోపీ ఆగిపోయింది. "అలా నవ్వకపోతే రెండో పుస్తకం అచ్చు కాదు" అన్నాడు.

"అది రాయి."

"రాయలేను."

"అయితే రైలుకి టైమవుతుంది, వెళ్ళు నాయనా."

గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే చీపురు అందుకుంది. వాడు కూర్చున్న చోట నేల ఊడ్చింది. జాలి వేస్తుందేమోనని తన్ను తాను చూసుకుంది. వేసింది, కానీ అసహ్యం దాని కింద మునగలేదు, పైనే తేలుతూ ఉంది.

అప్పటిదాకా ఓజెల్లా చూసుకునే చర్చి వంటగది పెత్తనం హార్టెన్స్ ఇంకొకామెకి అప్పగించింది. అతిథుల ముందు పరువు తీసిందని చెప్పుకున్నారు. ఒకరిద్దరు ఆడవాళ్ళు దారిలో ఆపి "నిజంగా అలా జరిగిందా?" అని అడిగారు. చెప్పింది. విని, "పుస్తకంలో అలా లేదే" అన్నారు.

ఓజెల్లా నడిపే ఇల్లూ అద్దెదే; నెలాఖరుకి ఇంటి ఓనరు తరఫు తెల్లాయన అద్దె వసూలుకి వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఆమె లావు మీద ఒక హాస్యం ఆడటం ఆయనకి అలవాటు. ఆడాడు. ఓజెల్లా డబ్బు అందించి ఊరికే నిలబడింది. ఆయన వినపడలేదేమోనని మళ్ళీ అన్నాడు. ఆమె ఆయన మొహంలోకే చూసింది. మామూలు మొహం, గడ్డం సరిగ్గా గీసుకోలేదు, కంటి కింద ఒక కురుపుంది. ఇన్నేళ్ళూ ఈ మొహం తను చూడనేలేదు, నవ్వుతూ కళ్ళు మూసుకునేది కదా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఒంట్లో బాగాలేదా?" అని అడిగి, రసీదు కింద పడేసి వెళ్ళిపోయాడు. తలుపు వేసుకున్నాక ఆమెకు దవడలు నొప్పెట్టాయి. గర్వంలాంటిదేమీ కలగలేదు.

మంచు కరిగే రోజులకల్లా ఇల్లు ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. కారణం చెప్పలేదు. అద్దెకున్నవాళ్ళు తలోదిక్కూ పోయారు. ఓజెల్లా యాభై ఒకటో వీధిలో ఒక మంగలి షాపు మీద రెండు గదులు చూసుకుని, ఆసుపత్రి బట్టలుతికే చోట పనికి కుదిరింది. సామాన్లు మోయడానికి క్లియోఫస్ రైలు పనికి సెలవు పెట్టి వచ్చాడు.

"ఆ అద్దె మనిషి ముందు నవ్వేస్తే పోయేది కదా మిస్ ఓజెల్లా" అన్నాడు మంచం మెట్లెక్కిస్తూ. దెప్పలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "నేను రోజుకి ఎన్నిసార్లు నవ్వుతానో."

"తెలుసు. నీ నవ్వు మీద నాకేం కోపం లేదు" అంది ఆమె. "నాకు రావడం లేదు, అంతే. వాంతిలా తయారైంది."

ఆ వీధి చివర ఒకప్పటి చేపల కొట్టులో ఒక చిన్న చర్చి నడుస్తోంది. విరిగిన కుర్చీలు, నోరారా పాడే జనం, నవలలు చదివేవాళ్ళెవరూ లేరు. మొదటి ఆదివారమే అక్కడి పాదిరిగారి తల్లి ఆమె చేతులు పట్టుకుని, "నిన్ను చూస్తేనే తెలుస్తోంది తల్లీ, మంచి వంటమనిషివి. మాకు వంటకి ఒకళ్ళు కావాలి" అంది.

"వంటకి కాదమ్మా, కూర్చోడానికి వచ్చాను" అంది ఓజెల్లా. ముసలామె కాస్త చిన్నబుచ్చుకుని పక్కకి జరిగింది. ఓజెల్లా వెళ్ళి మధ్య వరసలో, కాళ్ళు కుంటని కుర్చీ ఒకటి చూసుకుని, టోపీ సర్దుకుని కూర్చుంది.